ఆపమని ఎవరైనా చెప్పొచ్చు

మావయ్యగారు పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి గదిలో ఉన్నాను. బోర్డు మీద భిన్నాల లెక్క సగంలో ఉంది. సబ్బవరం దగ్గర మా బడిలో పాఠం చెప్పేటప్పుడు సెల్‌ఫోన్ స్టాఫ్‌రూమ్‌లోనే ఉండాలని రూలు. అటెండరు వచ్చి గుమ్మంలో నిలబడి, "మేడమ్, మీ ఇంటికాడి నుంచి నాలుగుసార్లు ఫోనొచ్చింది" అన్నాడు. నాకు ముందు పాపే గుర్తొచ్చింది. పాపకేదో అయిందనుకుని పరుగెత్తాను. పాపకేం కాలేదు, పోయింది మావయ్యగారు అని తెలిశాక, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఆ పీల్చిన ఊపిరికే సిగ్గేసి ఏడ్చాను.

పొద్దున్న పాపను స్కూలు వేన్ ఎక్కించి వచ్చి, వరండాలో కుర్చీలో కూర్చుని, అత్తయ్యను టీ అడిగారట. ఆవిడ టీ పట్టుకొచ్చేసరికి తల ఒక పక్కకి వాలి ఉందట. నిద్రపోతున్నారనుకుని గ్లాసు పక్కనే పెట్టి మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయిందావిడ. ఆ సంగతి ఇప్పటికీ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని బాధపడుతోంది.

గాజువాక వచ్చేదాకా బస్సులో నా బుర్రలో ఒకటే తిరిగింది. మూడున్నరకి వేన్ వస్తుంది. పాపను ఎవరు దింపుతారు?

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. నోట్లో ఒక ఇరవై మాటలుంటాయి, అవి కూడా అవసరమైనప్పుడు బయటికి రావు. వేన్ దిగాలన్నా, డాబా మెట్లు దిగాలన్నా, కంచం ముందు కూర్చోవాలన్నా అది చూసేది మావయ్యగారి చేతిని. మా నోటిని కాదు. నేను కన్నతల్లిని, పైగా పాతికేళ్ల నుంచి పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని, అయినా నా కూతురికి లోకం ఏం చెబుతోందో చెప్పగలిగిన మనిషి ఆయనొక్కరే. ఆ మనిషి ఇక లేరు. ఆ బస్సులో నా భయమంతా అదే, దుఃఖం ఇంకా దాని వెనకే ఉంది.

మావయ్యగారిది పద్మనాభం వైపు పల్లె. వరి పండించే కుటుంబం. ఇరవై ఏళ్ల వయసులో పోర్టులో ఖలాసీగా చేరి, సిగ్నల్‌మేన్‌గా రిటైరయ్యారు. ఆ పని గురించి ఆయన చెప్పేదాకా నాకూ తెలీదు. ఓడలోంచి సరుకు ఎత్తే క్రేన్ నడిపే మనిషి ఎక్కడో పైన గదిలో ఉంటాడు. ఓడ అడుగున ఏముందో అతనికి కనబడదు. ఇంజన్ల హోరులో ఎంత అరిచినా వినబడదు. అందుకని ఓడ అంచున ఒక మనిషి నిలబడి చేతులతో చెబుతాడు. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. కిందికి పెట్టి తిప్పితే దించమని. తిప్పే చేతికి పైన రెండో అరచేతిని కదపకుండా పట్టుకుంటే, ఆ పనే మెల్లిగా చెయ్యమని. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి గట్టిగా పట్టుకుంటే అన్నీ ఆపెయ్యమని, ఎక్కడివక్కడ ఉండనిమ్మని. సరుకు నేల మీద కూర్చున్నాక ఆయన రెండు అరచేతులూ తొడలకేసి తుడుచుకునేవారట. అది మాత్రం రూలు పుస్తకంలో లేదు, ఆయన సొంత అలవాటు. పని అయిపోయిందని దానర్థం. రిటైరయ్యాక కూడా అన్నం తిన్నా, పేపరు చదివినా, అత్తయ్యతో పోట్లాడినా, చివర అరచేతులు పంచెకి తుడుచుకుంటే ఇక ఆ సంగతి అయిపోయినట్టే.

ఇదంతా చదివి ఆయన మొదటి నుంచీ అంతా తెలిసిన మనిషి అనుకోవద్దు. మాకు ఏడాదిన్నర పోగొట్టింది ఆయనే.

పాపకి రెండేళ్లు దాటినా మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. ఫేను కింద పడుకుని దాని రెక్కల్ని గంటల తరబడి చూసేది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకునేది. నాకు అనుమానం వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళదామంటే మావయ్యగారు ఇంతెత్తున లేచారు.

"ఏటి డాక్టరు? ఏటైనాదని? మా ఇంట అందరికీ మాట లేటే. మీ ఆయనకి నాలుగేళ్లకొచ్చింది. ఇప్పుడు సూడు, నోరు మూస్తన్నాడా?"

మా ఆయన ఆ మాటకి నిజంగానే నోరు మూసుకున్నాడు. మావయ్యగారు పాప నాలుకకి వస రాశారు. పద్మనాభం నుంచి చిలక కొరికిన జాంపళ్లు ఏరి తువ్వాల్లో మూటగట్టి తెచ్చారు, తింటే మాటలొస్తాయని. పాప ఆ జాంపళ్లని వరుసగా పేర్చి ఆడుకునేది గానీ ఒక్కటీ నోట పెట్టలేదు. రెండుసార్లు నేను డాక్టరు దగ్గర రాయించుకున్న టైముకి ఏదో వంక పెట్టి ఆపేశారు. నాకు కోపం ఎక్కువ, కానీ ఆ రోజుల్లో దాన్ని కరెక్ట్ చోట చూపించే ధైర్యం లేకపోయింది. చివరికి ఒకరోజు బడికి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా పాపను ఎత్తుకుని బయల్దేరాను. బస్టాపు దగ్గరికి ఆయన వెనకాలే వచ్చారు. ఆపడానికి వచ్చారనుకుని పోట్లాటకి సిద్ధపడ్డాను. ఆయన పాప చెప్పులు నా చేతిలో పెట్టి, "మర్సిపోనావు" అని తనూ బస్సెక్కారు.

డాక్టరమ్మ రెండు గంటలు పాపతో ఆడి, చూసి, మమ్మల్ని ప్రశ్నలడిగి, అప్పుడు చెప్పింది. నేను వింటున్నానే గానీ ఏదీ లోపలికి వెళ్లలేదు. మావయ్యగారు ఒక్కటే అడిగారు.

"మా గుంటకి ఇనబడతాదా అమ్మా, ఇనబడదా?"

"బాగా వినబడుతుందండీ. అందరికంటే ఎక్కువే. మనకైతే ఫేను చప్పుడు వెనక్కి పోయి మాట ముందుకొస్తుంది. తనకి అన్నీ ఒకేసారి, అంతే గట్టిగా వచ్చి పడతాయి. ఏది పట్టుకోవాలో తెలీదు."

ఆయన తలెత్తి ఫేను వైపు చూశారు. "అయితే ఓడకాడ మాకైనట్టే" అన్నారు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. మా స్టాపు వచ్చేముందు, నా వైపు చూడకుండానే అన్నారు, "ఏడాదిన్నర నాను తినీసినానమ్మా." నేను ఫర్వాలేదు మావయ్యగారూ అనలేదు. అనాలనిపించలేదు కూడా. ఇప్పుడు అనాలనిపిస్తోంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే టీవీ కట్టేయించారు. పాప వెళ్లి డాబా మెట్ల మీద పైన కూర్చుంది. రోజూ ఆ వేళకి అక్కడే కూర్చుంటుంది, ఇక రమ్మంటే రాదు. కిందనుంచి నేనూ అత్తయ్యా మా ఆయనా తలా ఒక గొంతుతో పిలుస్తాం, చివరికి ఎవరో ఒకరు ఎత్తుకుని దించుతాం, అది గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ రోజు మా ముగ్గుర్నీ లోపలికి పంపేసి, మెట్ల కింద ఆయనొక్కరే నిలబడ్డారు. చెయ్యి చాచి, చూపుడువేలు కిందికి పెట్టి, మెల్లిగా తిప్పారు. ఒక్క మాట లేదు.

పాప చూడలేదు. మర్నాడూ చూడలేదు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ, పెద్దాయనకి చాదస్తం పట్టుకుందనుకున్నాను. నాలుగో రోజున పాప ఆ వేలి వైపు చూసింది. మొహం వైపు కాదు, వేలి వైపు. తొమ్మిదో రోజున ఒక మెట్టు దిగింది. నేను సంతోషం పట్టలేక పరుగున వెళ్లి ఎత్తుకున్నాను. అది నా చేతుల్లోంచి గింజుకుని మళ్లీ పైకి వెళ్లిపోయింది. అప్పుడు పడ్డాయి నాకు చీవాట్లు.

"లోడు దిగితే కొక్కెం ఊడదీసీయాల. అట్టుకోని ఏలాడతారేటి?"

ఆ తర్వాత ఆయన రూల్స్ మా ఇంటి మీద పడ్డాయి. మొదటిది ఎర్ర తువ్వాలు. పోర్టులో సిగ్నలిచ్చే మనిషి ఒక్కడే ఉండాలట. ఇద్దరు చెరో చేయి ఊపితే పైవాడికి ఎవరి మాట వినాలో తెలీక సరుకు ఊగిపోతుంది. మా ఇంట్లో పాపకి ఒకేసారి అన్నం తినమని ఒకరు, చెప్పులు వేసుకోమని ఒకరు, ఆంటీకి నమస్తే పెట్టమని ఇంకొకరు. అందుకని ఆయన ఎర్ర తువ్వాలు ఒకటి గుమ్మం పక్క మేకుకి తగిలించారు. అది ఎవరి భుజం మీద ఉంటే వాళ్లే పాపతో మాట్లాడాలి. మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. అత్తయ్యకీ నాకూ ఆ తువ్వాలు గురించి జరిగిన యుద్ధాలు చెబితే పరువు పోతుంది. ఒకసారి చుట్టపుచూపుగా వచ్చిన మా అన్నయ్య చేతులు తుడుచుకుందామని దాన్ని తీసి భుజాన వేసుకుంటే, పాప గంటసేపు ఆయన్ని వదలకుండా వెంట తిరిగింది, ఏదో చెబుతాడేమోనని.

రెండో రూలు, సంగతి దాచకపోవడం. నాకు ఇదే కష్టమైంది. మా స్టాఫ్‌రూమ్‌లో నేనెవరికీ చెప్పలేదు. పాపకి జలుబు, పాపకి జ్వరం అని సెలవులు పెట్టేదాన్ని. మావయ్యగారు మాత్రం షేర్ ఆటోలో, రేషన్ డిపో లైన్లో, పెన్షనర్ల మీటింగులో చెప్పేసేవారు. ఒకసారి సిటీ బస్సులో పాప అరవడం మొదలుపెట్టింది. డ్రైవరు ఊరికే హారన్ కొడుతున్నాడు. వెనక సీటావిడ, "పెంపకం అలగుంది, మనమేటి సేత్తాం" అంది. నేను తలదించుకున్నాను. మావయ్యగారు సీట్లోంచి లేచి కడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

"తల్లీ, పెంపకం కాదు. మా మనవరాలికి ఆటిజం. రోగం కాదు, అంటుకోదు. పుట్టుకే అలగ. అన్ని సప్పుళ్లూ ఒక్కసారే మీద పడిపోతన్నాయి దానికి. డ్రైవరు బాబు ఒక్క రెండు నిమిషాలు ఆ హారను మానేత్తే, మీరు కూసింత ఊరుకుంటే, దానంతటదే సర్దుకుంటాది. ఇంకో మాట. మీ ఇళ్లల్లో రెండేళ్లొచ్చి పిలిత్తే పలక్కుండా ఉన్న పిల్లలుంటే డాక్టరికి సూపించండి. నాను వద్దని మా కోడల్ని ఆపినాను. ఏడాదిన్నర పోనాది. నాలాగ సెయ్యకండి."

బస్సు నిజంగానే ఊరుకుంది. ఇంటికొచ్చాక నేనే అరిచాను. మన ఇంటి సంగతి ఊరంతా చాటింపు వెయ్యాలా, రేపు నన్ను ఎవరైనా అడిగితే ఏం చెప్పను అని. ఆయన నా కోపం అంతా అయ్యేదాకా ఆగారు.

"పెట్టిలో ఏటుందో పైన రాసుంటాది కదమ్మా. అద్దమైతే అద్దమని, ఇనుమైతే ఇనుమని. రాయకపోతే ఎత్తేవోడికెలగ తెలుస్తాది? నువ్వు దాసితే దాన్ని అందరూ ఇనుమనుకోని పడీసీగలరు."

మరుసటి వారం స్టాఫ్‌రూమ్‌లో చెప్పేశాను. చెప్పాక, మా ఆరో తరగతిలో గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకునే ఒక అమ్మాయి గుర్తొచ్చింది. నాటకాలాడుతోందని రెండుసార్లు నిలబెట్టాను దాన్ని. ఆ రోజు వెళ్లి దాన్ని గంటకి దూరంగా, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దాని తల్లిదండ్రులని పిలిచి మాట్లాడాను, మావయ్యగారి మాటలే నా మాటలుగా.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఉంది, సముద్రం ఒడ్డు పేట మనిషి. గొంతెత్తి కేకేస్తే నాలుగు వీధులు పలుకుతాయి. పాప ఆ కేకకి మంచం కిందికి దూరిపోయేది. మావయ్యగారు ఆవిణ్ని ఆపి సంగతి చెప్పారు. మర్నాటి నుంచి మా వీధి మొదట్లోనే కేక ఆపేసి, గేటు దగ్గరికి వచ్చి గంప దించుకుని నిలబడేది. కొన్నాళ్లకి గంప దించాక కూడా వెళ్లకుండా నిలబడింది.

"తాతా, మా కూతురు బిడ్డ కూడా ఇలగే ఫేను కేసి సూత్తాదయ్యా. మూడో ఏడు నడుత్తంది. మా అల్లుడు ఏటీ నేదంటన్నాడు."

మావయ్యగారు చొక్కా వేసుకుని ఆవిడతో అప్పటికప్పుడు వాళ్ల పేటకి వెళ్లారు. అల్లుడితో ఏం మాట్లాడారో తెలీదు. ఆ వారంలోనే వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇంటికొచ్చి అరచేతులు పంచెకి తుడుచుకుంటూ, "ఆలకి పోనేదమ్మా" అన్నారు. ఏం పోలేదని నేనడగలేదు. ఏడాదిన్నర అని నాకు తెలుసు.

ఆయన తప్పులు అక్కడితో ఆగలేదు. సబ్బవరంలో చుట్టాల పెళ్లికి పాపను తీసుకెళ్లొద్దని నేనంటే, "నానున్నాను కదా" అని తీసుకొచ్చారు. బేండు మేళం మొదలవగానే పాప చెయ్యి విడిపించుకుని మాయమైపోయింది. వెతగ్గా వెతగ్గా భోజనాల దగ్గర బల్ల కింద దొరికింది. చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది. జనం మూగి, చాక్లెట్ ఇవ్వమని ఒకరు, దిష్టి తియ్యమని ఒకరు. మావయ్యగారు ఇస్త్రీ చొక్కాతో, పట్టు కండువాతో ఆ తడి నేల మీద బల్ల పక్కన పడుకున్నారు. పాపకి కనబడేంత దూరంలో, తాకనంత దూరంలో. అరగంట అలాగే పడుకున్నారు. అప్పుడు పాప చెవుల మీంచి చేతులు తీసి, పొట్ట ముందు కలిపి పట్టుకుంది.

ఆ గుర్తు ఆయన మాకోసం వాడేవారు, మేం ముగ్గురం ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు. అది పాప చూస్తోందని కూడా మాకు తెలీదు. పుట్టిన ఆరేళ్లకి నా కూతురు తనకేం కావాలో మొదటిసారి చెప్పింది. ఆపమంది.

మావయ్యగారు లేచి, వెనకంతా చారు మరకలతో, తిన్నగా బేండు వాళ్ల దగ్గరికి వెళ్లి ఆపించారు. పెళ్లికొడుకు మేనమామకి కోపం వచ్చింది. ముహూర్తం వేళ మేళం ఆపమనడానికి చిన్నపిల్ల ఎవరన్నాడు.

"బాబూ, మా పోర్టులో ఎత్తమని ఒక్కడే సెప్పాల. ఆపమని ఎవులైనా సెప్పొచ్చు. నిన్న సేరినోడు సెప్పినా, కింద ఊడ్సే మనిసి సెప్పినా, పైనున్నోడు ఆపాలంతే. ఎందుకని అడక్కూడదు. అడిగినంతసేపట్లో మనిసి పోతాడు."

మేళం రెండు నిమిషాలు ఆగి, పందిరి అవతలి పక్కకి వెళ్లి మళ్లీ మొదలైంది. పెళ్లి బాగానే జరిగింది.

ఒక్కటి మాత్రం నా గుండెలో ముల్లులా ఉండేది. పాప నన్ను అమ్మా అని పిలవదు. బస్సు అంటుంది, నీళ్లు అంటుంది, అమ్మ అనదు. ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ ఆ మాట అనేశాను ఆయనతో. అని, ఏడ్చాను. ఆయన పాప గౌనుకి ఊడిన గుండీ కుడుతున్నారు, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని.

"క్రేను మీదోడు నన్ను ముప్పైయేళ్లలో పేరెట్టి ఒక్కసారి పిలవనేదమ్మా. నా సెయ్యి సూసేవోడు. నాను సెయ్యి కదిపితే కదిపేవోడు. అంతకన్న నమ్మకం ఏటుంటాది? నువ్వు తువ్వాలేసుకుంటే అది నీకేసి సూత్తాదా నేదా? అదే పిలుపు."

ఆ క్రేను మీదోడు ఇప్పటికీ ఉన్నాడు. మావయ్యగారి కంటే రెండేళ్లు చిన్న. రిటైరయ్యాక కూడా వారానికోసారి వచ్చి, ఇద్దరూ ఒరే అంటే ఒరే అనుకుంటూ పేకాడేవారు. మావయ్యగారు ముక్కలు దాచేవారు, ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మేమందరం ఆయన్ని క్రేను బాబాయి అంటాం.

ఇక ఆ రోజు సంగతి. మూడున్నరకి వేన్ వచ్చింది. హాల్లో మావయ్యగారిని ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టి ఉన్నారు. నేను తువ్వాలు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి, ఆయనలాగే వేలు కిందికి పెట్టి తిప్పాను. పాప నా చేతిని చూడలేదు. ఆయన రోజూ నిలబడే చోటు ఖాళీగా ఉంటే దాన్నే చూస్తూ కూర్చుంది. వేన్ డ్రైవరు ఇంజను ఆపేసి ఓపిగ్గా ఉన్నాడు. చాలాసేపటికి తనే దిగి, నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. బాక్సు అద్దం మీద చెయ్యి పెట్టి, చల్లగా తగలగానే తీసేసుకుంది. చుట్టాలావిడ పాపను పట్టుకుని "తాత నేడే తల్లీ" అని శోకం పెట్టింది. పాప విడిపించుకుని డాబా మెట్ల పైకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఎవరు ఏ గుర్తు చూపించినా దిగలేదు. ఎత్తుకునే దించాల్సి వచ్చింది, తొమ్మిదేళ్ల పిల్లని.

మర్నాడు ఉదయం ఇంటి ముందంతా జనం. పాడె కట్టడం అయింది. వైకుంఠ రథం వీధి చివర నిలబడి ఉంది. డప్పులు మోగుతున్నాయి. అటు పట్టండని ఒకరు, తల ఇటుండాలని ఒకరు, టైము దాటిపోతోందని పంతులుగారు, పది గొంతులు ఒకేసారి. నేను పాప కోసం చూశాను. గేటు పక్కన నిలబడి ఉంది. చెవులు మూసుకుని లేదు. ఎర్ర తువ్వాలు దాని భుజం మీద ఉంది. మేకు నుంచి ఎప్పుడు తీసుకుందో ఎవరూ చూడలేదు. రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకుని ఉంది.

చెప్పాలని నోరు తెరిచాను, ఆ గోలలో నా గొంతు నాకే వినబడలేదు. ఈ ఇంట్లో దాని మాట చెల్లకపోవడం ఇవాళే మొదలవుతుందా అనుకున్నాను. పాడె ముందు కొమ్ము పట్టుకోవడానికి వంగిన క్రేను బాబాయి తలెత్తి పాపను చూశాడు. వంగినవాడు వెంటనే నిటారుగా లేచి చెయ్యెత్తాడు.

"ఆగండర్రా. గుంట ఆపమంది."

"పిల్ల ఏటి సెప్పడమేటి, టైమైపోతంది" అని ఎవరో అన్నారు.

"తువ్వాలు ఎవుల మీదుందో సూసుకోండి" అన్నాడు బాబాయి.

వెనక పక్క పట్టుకున్న ఇద్దరు పాత ఖలాసీలు చేతులు వెనక్కి తీసుకున్నారు. డప్పులు ఆగాయి. గొంతులు ఒక్కొక్కటే ఆగాయి. మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. పాప తాత మొహం వైపు చూసింది, చాలాసేపు. అప్పుడు అది కలిపిన చేతులు విడదీసి, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది. దాని మీద ఎడమ అరచెయ్యి కదపకుండా పట్టుకుంది.

"మెల్లిగా ఎత్తమంటంది" అన్నాడు బాబాయి.

అంత మెల్లిగా పాడె లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా పాప వేలు తిప్పుతూనే ఉంది.

తర్వాత అది గేటు దగ్గర మెట్టు మీద కూర్చుంది. వేలు ఇంకా పైకే ఉంది, చెయ్యి నొప్పి పుట్టినప్పుడు ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఎత్తుతోంది. లోపలికి రాదు, నీళ్లు తాగదు. నాకు అర్థమైంది గానీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఎత్తిన సరుకు ఎక్కడ దిగిందో దానికి తెలియాలి. నేను శ్మశానానికి వెళ్లలేదు, చూడనిది దిగిందని ఎలా చెప్పను? దాని పక్కనే కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక మగవాళ్లు స్నానాలు చేసి తడిబట్టలతో తిరిగొచ్చారు. అందరూ దీపం చూసి వెళ్లడానికి లోపలికి నడిచారు. క్రేను బాబాయి ఒక్కడూ రాలేదు. వీధికి అవతల, పాపకి ఎదురుగా నిలబడ్డాడు. ముప్పైయేళ్లు సిగ్నలు తీసుకోవడమే గానీ ఇవ్వని మనిషి, తడి చెయ్యి చాచి, చూపుడువేలు కిందికి పెట్టి, మెల్లిగా, చాలా మెల్లిగా తిప్పాడు. తర్వాత ఆపాడు.

పాప ఆ చేతిని చివరిదాకా చూసింది. తన వేలు దించింది. లేచి నిలబడి, రెండు అరచేతులూ గౌనుకి తుడుచుకుని, అన్నానికి లోపలికి వెళ్లింది.